పన్నెండో నంబరు బిళ్ళ

జనవరి ఇరవై నాలుగు, బుధవారం. ఉదయం పదకొండు గంటలకు నా భర్త ఆంగెల్ సెకారా స్టేషన్ నుంచి పట్టాల మీద గస్తీకి బయలుదేరాడు. మూడో రోజు మధ్యాహ్నం మంచు తోసే ఇంజిన్ మీద వచ్చినవాళ్ళు అతన్ని ఎనభై నాలుగో కిలోమీటరు గుడిసెకు నలభై అడుగుల దూరంలో చూశారు. ముఖం గుడిసె వైపు ఉంది. ఇంతవరకు మీకు చెప్పాను.

పట్నం నుంచి విచారణాధికారి రావడం, స్టేషన్‌లో రెండు గంటలు కూర్చుని మూడు పేజీలు రాసుకుపోవడం కూడా చెప్పాను. ఆ మూడు పేజీలు బడికి నా పేరు మీద వచ్చాయని చెప్పి పోయిన వారం ఆపాను. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. "గస్తీ ఉద్యోగి ఎవరి ఆదేశమూ లేకుండా, వాతావరణ హెచ్చరికను లెక్కచేయక, సొంత నిర్ణయంతో స్టేషన్ విడిచి వెళ్ళెను. గస్తీ పూర్తి చేయలేదు." చివరి పేజీలో నా సంతకం కోసం ఒక గీత ఉంది. కుటుంబానికి అభ్యంతరం లేదని ఆ గీత మీద రాస్తే విచారణ ముగుస్తుంది. శుక్రవారం లోపు పంపాలి.

ఇరవై రెండేళ్ళుగా పిల్లల వ్యాసాలు దిద్దుతున్నాను. తప్పు కనిపిస్తే చెయ్యి దానంతటదే ఎర్ర కలం కోసం వెతుకుతుంది. ఈ వాక్యంలో తప్పు ఎక్కడుందో చూపించలేను. కానీ అందులో ఉన్న మనిషి ఆంగెల్ కాదు. చెంచా తీసిన చోటే పెట్టేవాడు. ఎవరూ చెప్పకుండా, ఏ కారణమూ లేకుండా, ఈశాన్యం నుంచి మంచు మోసుకొచ్చే క్రివెత్స్ గాలిలోకి నడిచి వెళ్ళే మనిషి కాదు.

ఆదివారం అతను పోయిన నలభయ్యో రోజు. గుడిలో ప్రార్థన అయ్యాక అతని బట్టలు ఎవరికైనా ఇవ్వాలి. అందుకని నిన్న సాయంత్రం రైల్వే కోటు తీసి దులిపాను. లోపలి జేబులో ఒక వస్తువు దొరికింది. అదేమిటో దాని చోట చెబుతాను. దాన్ని చేతిసంచిలో వేసుకుని పడుకున్నాను.

ఇవాళ గురువారం, మార్చి ఒకటి. వసంతం వచ్చిందని గుండె మీద గుచ్చుకునే ఎర్రతెల్ల దారాలు పిల్లలు తెచ్చారు. నల్లబట్టల మీద గుచ్చుకోకూడదు కాబట్టి జేబులో వేసుకున్నాను. మూడో తరగతికి వ్యాసం ఇచ్చి, పక్క గది టీచరును చూస్తూ ఉండమని చెప్పి, స్టేషన్‌కి నడిచాను. ఈశాన్యం వైపు ఆకాశం మాసిన గుడ్డలా ఉంది. నేల మీద మంచు పొడి సన్నగా పాకుతోంది. అది గాలి లేచే గుర్తని బరగాన్ మైదానంలో పుట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

స్టేషన్‌లో పనిచేసే ఫెనికా, రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్ళించే పాయింట్ల దగ్గర మోకాళ్ళ మీద ఉంది. సార్డిన్ చేపల డబ్బాల్లో డీజిల్ గుడ్డలు కుక్కి, పట్టాల కింద వరసగా పెట్టి ముట్టిస్తోంది. పాయింట్లు గడ్డకట్టకుండా ఉండాలంటే మాకున్న దారి అదే. పద్నాలుగేళ్ళ కిందట వాటి కింద కరెంటు హీటర్లు బిగించారు. రిబ్బను కత్తిరించారు. మా బడి పిల్లల చేత నేనే పాట పాడించాను. ఒక చలికాలం పనిచేశాయి. రెండో చలికాలానికి రాగి తీగ ఎవరో కోసుకుపోయారు. రైల్వే జాబితాలో మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

"చూసి నడువక్కా," అంది ఫెనికా తల ఎత్తకుండా. "ప్లాట్‌ఫారం మీద ఉప్పు చల్లలేదు. ఉన్నదంతా పాయింట్లకే."

"రైల్వే ఉప్పు వచ్చిందా?"

"వచ్చింది, వచ్చింది. ఉప్పు వస్తుందని నవంబర్లో కాయితం వచ్చింది. ఇది మా ఇంట్లోది, క్యాబేజీ ఊరేసుకునేది. ఈ ఏడు మా ఆయనకి ఊరగాయ లేదు. రైలుకుంది." చీపురు కర్ర ఊతగా లేచి నా మొహం చూసింది. "కాయితం గురించేనా?"

"ఊఁ."

"లోపలే ఉన్నాడు. ఫోన్‌లో కంట్రోలర్‌కి దణ్ణాలు పెడుతున్నాడు. పో. మెత్తగా మాట్లాడకు. నువ్వు మెత్తగా మాట్లాడితే అతనికి ఏడుపొస్తుంది, పని కాదు."

యార్డు చివర, పట్టాల మీదికి మంచు రాకుండా ఆపే చెక్క తడికలు పేర్చి ఉండే చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ వైపు నేను చూడలేదు.

స్టేషన్ మాస్టర్ పనాయిత్ ఎర్ర టోపీ బల్ల మీద పెట్టి ఫోన్ చెవికి అదుముకుని ఉన్నాడు. "అవునండి. మంచు ఇంజిన్ మా వైపు ఎప్పుడండి? అక్కడుందా. అక్కడయ్యాక? ఓహో, రిపేరుకా. మూడు జిల్లాలకి ఒక్కటే కదండీ మరి. సరేనండి. ఆఁ, హీటర్లు పనిచేస్తున్నాయండి." ఫోన్ పెట్టేసి, కాసేపు దానివైపే చూసి, అప్పుడు నన్ను చూశాడు.

"కూర్చో టీచరమ్మా. పొయ్యి దగ్గరికి జరుగు."

నేను కూర్చోలేదు. కాగితం బల్ల మీద పెట్టి ఆ వాక్యం కింద వేలు ఉంచాను. "పనాయిత్ అన్నా, ఇది నువ్వు చెప్పిందా, విచారణాధికారి సొంతంగా రాసుకున్నదా?"

చదవనక్కర్లేనట్టు చదివాడు. "నువ్వు పంపావా అని అడిగాడు. పంపలేదన్నాను. పంపలేదు కాబట్టే అన్నాను."

"మరెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదు. చెప్పానుగా."

"గాలి వస్తుందని రేడియోలో పొద్దున చెప్పారు. ఆంగెల్ నా పక్కన కూర్చునే విన్నాడు. ఇవాళ లైను మీదికి వెళ్ళనన్నాడు. పదిన్నర దాకా ఈ పొయ్యి దగ్గరే ఉన్నాడని ఫెనికా చెప్పింది. పదకొండుకి లేచి వెళ్ళాడు. ఆ అరగంటలో ఈ గదిలో ఏం జరిగింది?"

"ఏం జరుగుతుంది? టీ తాగాడు."

"స్టేషన్ మాస్టరు గారూ," అన్నాను.

ముప్ఫై ఏళ్ళుగా అన్నా అని పిలిచిన నోటితో అలా పిలిచేసరికి అతని మెడ ఎర్రబడింది. ఏడుపు వస్తుందని ఫెనికా అంది. వచ్చింది కోపం.

"సరే, అన్నీ రాయిద్దాం. దేన్నీ వదలొద్దు. ఎనభై రెండు దగ్గర పల్లంలో మంచు మనిషెత్తు ఎందుకు పేరుకుందో ఈ కాయితంలో లేదు. మధ్యాహ్నం రైలు పోయి అందులో కూరుకుపోయి ముప్ఫై ఒక్కమంది పంతొమ్మిది గంటలు ఎందుకు కూర్చున్నారో లేదు. అక్కడ తడికలు లేవు, టీచరమ్మా. తడికలుంటే ఆ మంచు పొలంలోనే పడేది. ఆ తడికలు ఎక్కడికి పోయాయి?"

కాగితం మీది నుంచి వేలు తీసుకున్నాను.

అతను అర లాగి రసీదుల కట్ట తీశాడు. వేలు తడి చేసుకుని తిప్పాడు. "డిసెంబరు ఆరు. నాలుగు బండ్లు. 'పనికిరాని చెక్క, బడి పొయ్యి నిమిత్తం.' కింద ఎవరి సంతకం?"

"నాదే."

"నేనేం అనడం లేదు."

"అనాల్సిందే. నాదే సంతకం."

తడికలను అక్టోబరులో పట్టాల వెంట నిలబెట్టి మార్చిలో తీసేవాళ్ళు. నిలబెట్టే అయిదుగురినీ పనిలోంచి తీసేశాక అవి యార్డులోనే ఉండిపోయాయి. డిసెంబరు మొదట్లో బడికి రావలసిన కట్టెలు రాలేదు. రెండో తరగతి పిల్లలు చేతి తొడుగులతో రాస్తున్నారు. అక్షరాలు గీతల మీద నిలవడం లేదు. యార్డులో పడున్న చెక్క ఎవరికి లాభమని నేనే పనాయిత్‌ని అడిగాను. ఆంగెల్ రెండు ఆదివారాలు కూర్చుని వాటిని రంపంతో కోశాడు. ఒక పలకను చేత్తో నిమిరి, "మంచి చెక్క, లుక్రెత్సియా," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. తారు వాసనతో బాగా మండాయి. పిల్లల చేతులు వెచ్చబడ్డాయి.

"అది కూడా రాయించు," అన్నాను. "నా పేరుతో సహా. నేను సంతకం చేస్తాను. ఇప్పుడు పదిన్నర సంగతి చెప్పు."

అతను కట్టను మళ్ళీ అరలో పెట్టాడు. అర సగంలో ఇరుక్కుంది. రెండుసార్లు గుద్దాడు. కదల్లేదు. వదిలేశాడు.

"కంట్రోలర్ ఫోన్ చేశాడు. పదీ నలభైకి. గస్తీ జరిగినట్టు పుస్తకంలో లేకపోతే మధ్యాహ్నం రైలు వదలడానికి లేదు. గాలి లేస్తోందండి, మనిషిని పంపలేనన్నాను. ఆ మాట నిజంగా అన్నాను టీచరమ్మా, ఒట్టు. 'మనిషిని పంపమని ఎవరన్నారు, గస్తీ జరిగిందని రాయమంటున్నా' అన్నాడు. రాశాను."

"ఏమని?"

గోడ మీది అర నుంచి గస్తీ పుస్తకం దించి నా ముందు తెరిచాడు. చదివాను. జనవరి ఇరవై నాలుగు. ఆంగెల్ బ్రాతు. గస్తీ పూర్తి. బిళ్ళలు మారినవి. లైను సురక్షితం. పది గంటల నలభై అయిదు నిమిషాలు.

"అతను బయలుదేరకముందే," అన్నాను.

"ముందే. ఈ పుస్తకం విచారణకొచ్చినాయన అడగలేదు, నేను చూపించలేదు. ఆంగెల్ ఆ పొయ్యి దగ్గర కూర్చుని నేను రాయడం చూశాడు. లేచొచ్చి నీలాగే వేలు పెట్టి చదివాడు. నేను నవ్వేశాను కూడా. 'గాలి తగ్గాక రేపు రెండుసార్లు నడుద్దువులే' అన్నాను. అతను కోటు వేసుకుని, తన పదకొండో నంబరు బిళ్ళ చూసుకుని జేబులో వేశాడు. 'నా పేరుతో రాశావు కదా పనాయిత్, నడిచి వస్తా' అన్నాడు. ఆపాను. ఆపానని చెప్పడానికి ఆపాను అంతే. తలుపుకి అడ్డం నిలబడలేదు."

నాకు మా వంటగది గుర్తొచ్చింది. నేను దిద్దే వ్యాసాలను ఆంగెల్ తీసి చదివేవాడు. తాతగారి ఊరు వెళ్ళామని, గుర్రం ఎక్కామని పిల్లలు రాసేవాళ్ళు. "వీడికి తాత లేడు కదా, నిజం కానిదానికి ఇన్ని మార్కులా?" అనేవాడు. వ్యాసానికి ఇచ్చాను, నిజానికి కాదు అనేదాన్ని. ఆ జవాబు అతనికి ఎప్పుడూ నచ్చలేదు.

"బిళ్ళలు మారినవి అని రాశావు," అన్నాను.

"రోజూ అదే రాస్తాను. పదిహేను నెలలుగా."

ఇది కొంచెం చెప్పాలి. సెకారా గస్తీ మనిషి దగ్గర పదకొండో నంబరు రేకుబిళ్ళ. పక్క స్టేషన్ పెలినెష్తి గస్తీ మనిషి యోర్దాన్ దగ్గర పన్నెండో నంబరు. ఇద్దరూ తమ తమ స్టేషన్ల నుంచి నాలుగున్నర కిలోమీటర్లు నడిచి గుడిసె దగ్గర కలుస్తారు. బిళ్ళలు మార్చుకుంటారు. ఆంగెల్ చేతిలో పన్నెండు కనబడితే అతను గుడిసె దాకా వెళ్ళాడని అర్థం. మర్నాడు మళ్ళీ మార్చుకుంటారు. పదిహేను నెలల కిందట పెలినెష్తి స్టేషన్ మూసేశారు. యోర్దాన్‌ని ఇంటికి పంపేశారు. బిళ్ళలు మార్చుకోవాలన్న నియమాన్ని మాత్రం ఎవరూ తీసేయలేదు.

"మొదటి వారం ఆ గడి ఖాళీగా పంపాను," అన్నాడు పనాయిత్. "ఎర్ర సిరాతో వెనక్కి కొట్టారు. లేని మనిషితో ఎలా మారుస్తాడండీ అని ఫోన్ చేశాను. నియమం నియమమే అన్నారు. అప్పట్నుంచి మారినవి అని రాస్తున్నా. ఆ పన్నెండు నేను మళ్ళీ చూసింది లేదు. యోర్దాన్ గుర్తుగా ఉంచుకున్నాడో, పారేశాడో."

నేను చేతిసంచి తెరిచాను. కోటు జేబులో దొరికినదాన్ని పుస్తకం మీద పెట్టాను. అరచేతిలో సగం ఉండే గుండ్రటి రేకు, అంచులు అరిగి మెరుస్తున్నాయి. మీద పన్నెండు.

పనాయిత్ దాన్ని ముట్టుకోలేదు. వంగి చూశాడు.

"ఇది ఎక్కడిది?"

"ఆంగెల్ కోటులో ఉంది. లోపలి జేబులో. పదకొండు లేదు."

తలుపు తీసుకుని ఫెనికా లోపలికి వచ్చింది. మా ఇద్దరినీ చూసి, తర్వాత బల్లను చూసింది. తొడుగు తీసి ఆ బిళ్ళను ఎత్తి తిరగేసింది. "యోర్దాన్‌దే. వెనకాల ఆ గాటు చూడు. సీసా మూత దీంతోనే తీసేవాడు ముసలాడు."

"అంటే యోర్దాన్ ఆ రోజు గుడిసె దగ్గరికి వచ్చాడు," అన్నాను. "ఆంగెల్ గుడిసె దాకా వెళ్ళాడు. బిళ్ళ మార్చుకున్నాడు. తిరిగి బయలుదేరి, నడవలేక మళ్ళీ గుడిసె వైపు తిరిగాడు. గస్తీ పూర్తి చేశాడు."

"ఆ ముసలాడికి ఉద్యోగం లేదుగా," అన్నాడు పనాయిత్. "ఎందుకొస్తాడు?"

"ఎందుకు రాడు?" అంది ఫెనికా. "ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజూ నడిచిన కాళ్ళు, నువ్వు పొమ్మంటే ఊరుకుంటాయా? బహుశా రోజూ వస్తున్నాడు. ఇద్దరూ గుడిసె అరుగు మీద కూర్చుని సిగరెట్ కాల్చుకుని పోతున్నారు. నీకు చెప్పి పోవాలా సారూ?"

పదిహేను నెలలు పనాయిత్ ఆ గడిలో అబద్ధం రాస్తున్నానని తల దించుకున్నాడు. అది ప్రతి రోజూ నిజమే కావచ్చు. ఆ ఒక్క రోజు కూడా. ఆంగెల్ రాసినదాన్ని నిజం చెయ్యడానికే వెళ్ళాడో, గాలిలో గుడిసె దగ్గర తన కోసం నిలబడే మనిషి ఉంటాడనే వెళ్ళాడో నాకు తెలియదు. తెలిసిన మనిషి యోర్దాన్ ఒక్కడే ఉన్నాడు. అతను అంత్యక్రియలకు రాలేదు. కబురైనా పంపలేదు. తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉండి ఎందుకు రాలేదని నెల పైన అతని మీద కోపంగా ఉన్నాను.

పనాయిత్ కుర్చీలో వెనక్కి పడినట్టు కూర్చున్నాడు. అతని మొహంలో రంగు పోయింది. పొయ్యి పక్కనే ఉన్నాడు.

"ఏంటి సారూ?" అంది ఫెనికా.

"ఫోన్ వచ్చింది," అన్నాడు. "ఆ రోజు. మూడు గంటలకి. సెకారా గస్తీ మనిషి తిరిగొచ్చాడా అని అడిగారు."

"ఎవరు?"

"పేరు చెప్పలేదు. నేను అడగలేదు. గాలికి లైనంతా గరగర. కంట్రోలర్ అనుకున్నా. రైలు మంచులో ఇరుక్కుందని అప్పుడే తెలిసింది, పుస్తకం సరిచూస్తున్నాడనుకున్నా. రాలేదంటే పదీ నలభై అయిదుకి రాసింది బయటపడుతుంది." ఎర్ర టోపీని దగ్గరికి లాక్కుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "గుడిసెలో తలదాచుకుని ఉంటాడులే అనుకున్నా. పొయ్యి గొట్టం ఎవడో ఎత్తుకుపోయినా గోడలైనా ఉన్నాయిగా. వచ్చాడన్నాను. క్షేమంగా వచ్చాడు, పుస్తకంలో ఎక్కించామన్నాను."

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. 'దేవుడి దయ' అన్నాడు. పెట్టేశాడు." టోపీ వదిలేసి ఫోన్ వైపు చూశాడు. "కంట్రోలర్ ఎప్పుడూ దేవుడి పేరు ఎత్తడు."

పెలినెష్తి స్టేషన్ మూసేసినా గోడకున్న రైల్వే ఫోన్ తీయలేదు. తాళం చెవి యోర్దాన్ దగ్గరే ఉండిపోయింది. ఇది మా ముగ్గురికీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు. యోర్దాన్ ఇల్లు చేరి, మళ్ళీ ఆ గాలిలో స్టేషన్‌కి నడిచి వెళ్ళి అడిగాడు. వచ్చాడన్న మాట విని ఇంటికి పోయాడు. ఆ మాట వినకపోతే ఏం చేసేవాడో నేను ఊహించదలచుకోలేదు. మూడు గంటలకి ఇంకా వెలుతురు ఉంది.

"ఇప్పుడు చెప్పినదంతా ఒక కాగితం మీద రాసి ఇవ్వు," అన్నాను.

"పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది టీచరమ్మా నాకు."

"తెలుసు."

ఫోన్ మోగింది. అతను ఎత్తలేదు. నాలుగోసారికి ఫెనికా ఎత్తి అతని చేతిలో పెట్టింది. "అవునండి," అన్నాడు. "ఒంటిగంటా పావు రైలా. గాలి లేచిందండి." విన్నాడు. గస్తీ పుస్తకం అతని ముందు తెరిచే ఉంది. కలం చేతిలోకి తీసుకున్నాడు. మార్చి ఒకటి అని తేదీ వేశాడు. పక్క గడి మీద పన్నెండో నంబరు బిళ్ళ ఉంది. దాన్ని జరపడానికి వేలు చాచి, వెనక్కి తీసుకున్నాడు.

"లేదండి," అన్నాడు. "గస్తీ జరగలేదు. నడిచే మనిషి లేడు. చచ్చిపోయాడు కదండీ." అవతలి నుంచి అరుపు మాకు కూడా వినిపించింది. "రాయలేనండి. ఆపేయండి." ఫోన్ పెట్టేశాడు. కలం బల్ల మీద పెట్టలేక కాసేపు అలాగే పట్టుకున్నాడు.

ఫెనికా చీపురు తీసుకుని, "అయితే నా చేపల డబ్బాలన్నీ దండగ," అంటూ బయటికి పోయింది. కళ్ళు తుడుచుకోవడానికి పోయిందని తెలుస్తూనే ఉంది.

స్టేషన్ మూసేసినా పెలినెష్తిలో నిమిషం ఆగే ఆ రైలు ఎక్కి, యోర్దాన్‌ని అడగడానికి వెళ్దామని వచ్చేటప్పుడే అనుకున్నాను. ఆ రైలే ఆగిపోయింది. పనాయిత్ రాసిన అబద్ధాలు విని ఇంతసేపూ పళ్ళు కొరికాను. అతను ఒక్కసారి నిజం చెప్పిన రోజు నాకు దారి మూసుకుపోయింది. రోడ్డు మీద మంగళవారం నుంచి మంచు తీయలేదు. పెలినెష్తి ఫోన్ తిప్పమన్నాను. పనాయిత్ తిప్పాడు. ఖాళీ గదిలో అది చాలాసేపు మోగింది.

బిళ్ళ సంచిలో వేసుకున్నాను. కాగితం మడిచి దాని పక్కనే పెట్టాను. బయట పాయింట్ల దగ్గర డబ్బాలు ఇంకా మండుతున్నాయి. మంచు పొడి ఇప్పుడు మోకాలెత్తున లేస్తోంది. బడి గంట కొట్టే వేళయింది. మూడో తరగతి వ్యాసాలు దిద్దాలి.

రేపు శుక్రవారం. సంతకం చెయ్యలేదు. యోర్దాన్ దగ్గరున్న పదకొండో నంబరు బిళ్ళ ఇంకా సెకారాకి తిరిగి రాలేదు.